కడిగిన పాలికలు

మా వదిన జగదాంబవి పెద్ద చేతులు. మనిషి సన్నమే గానీ చేతులు మాత్రం మగవాళ్ళవిలా ఉండేవి. కుడి బొటనవేలి గోరు నిలువునా చీలి ఉండేది, చిన్నప్పుడు రోకటి పోటు తగిలిందట. ఉత్తరాదిన గోల్‌మురిలో, టిన్‌ప్లేటు కంపెనీ ఇచ్చిన మా క్వార్టరు వెనక ఒక మంచం పట్టేంత చోటుంటే, అందులోనే ఆమె వంగ, మిరప, బచ్చలి, గోంగూర పెంచేది. ఆమె పోసిన నారు చెడిపోగా నేను చూడలేదు. క్వార్టర్ల లైన్లలో ఉన్న తెలుగువాళ్ళందరూ నారు కోసం మా పెరటి గుమ్మానికే వచ్చేవాళ్ళు. వాళ్ళ ఇళ్ళలోనే పెళ్ళి జరిగితే, పాలికలు పోయడానికి మాత్రం మా అమ్మ ఒక్కదానికే బొట్టు పెట్టి పిలిచి వెళ్ళేవాళ్ళు. అలా పిలుపుకి ఎవరైనా వచ్చినప్పుడు వదిన పెరట్లో ఏదో పని కల్పించుకునేది.

ఆమె పోయి రెండేళ్ళు కావస్తోంది. ఇంట్లో ఆమె మాట వస్తే అన్నయ్య లేచి సైకిలు తుడుచుకోవడానికి వెళ్ళిపోతాడు. అమ్మ కొంగుతో కళ్ళొత్తుకుని, మాట మార్చేస్తుంది.

పాలికలంటే మా శ్రీకాకుళం వైపు పెళ్ళిళ్ళలో పెద్ద తంతు. పెళ్ళికి నాలుగైదు రోజుల ముందు, పుట్టమన్ను నింపిన మట్టి మూకుళ్ళలో ఐదుగురు ముత్తైదువలు నానబెట్టిన నవధాన్యాలు తలా గుప్పెడు చల్లుతారు. అవి పచ్చగా మొలిస్తే కాపురం పచ్చగా ఉంటుందని నమ్మకం. పెళ్ళయ్యాక పదహారు రోజుల పండుగ నాడు కొత్త దంపతులు వాటిని ఏట్లో కలుపుతారు. చల్లే చెయ్యి పిల్లల తల్లిది కావాలి. ఈ చివరి మాట ఎవరూ పైకి అనరు. పిలవరు, అంతే.

వదిన టెక్కలి దగ్గరి పల్లె నుంచి 1954లో మా ఇంటికి కోడలై వచ్చింది. వచ్చిన మర్నాడు పొద్దున్న టిన్‌ప్లేటు సైరను మోగితే, చేతిలో చెంబు వదిలేసి, "ఏటయింది, ఎవురు పోనారు?" అంటూ గుమ్మంలోకి పరుగెత్తింది. అన్నయ్య అప్పలసూరి డ్యూటీ బట్టల్లో నిలబడి, "నేనే పోతన్నాను, డ్యూటీకి" అన్నాడట. ఏడాది తిరిగేసరికి ఆమె బజారులో హిందీలో బేరాలాడేది. కూరగాయలవాణ్ణీ భయ్యా అనేది, వాడి పెళ్ళాన్నీ భయ్యా అనేది. వాళ్ళు నవ్వి గుప్పెడు కొత్తిమీర ఎక్కువే వేసేవాళ్ళు.

నేను అప్పట్లో విశాఖపట్నంలో మేనమామ ఇంట్లో ఉండి చదువుకుంటున్నాను. బి.యస్సీలో నాది వృక్షశాస్త్రం. సెలవులకు వస్తే వదిన నా తలకు నూనె పట్టిస్తూ, "ఏటమ్మా పంతులమ్మా, గడ్డికీ గాదానికీ పేర్లు నేర్సుకోడానికి అంత దూరం పోవాలేటి? నన్నడిగితే సెప్పనా?" అని ఏడిపించేది.

ఆ ఏళ్ళలోనే ఆమెకు ఇద్దరు పిల్లలు పుట్టి పోయారు. మొదటివాడు పుట్టింట్లో, ముసురు పట్టిన రోజుల్లో పుట్టాడు. వారం తిరక్కుండానే దవడలు బిగుసుకుపోయి చనిపోయాడు. తరవాత నెలలు నిండకుండా పుట్టిన ఆడపిల్ల ఒక్క పూట బతికింది. రెండుసార్లూ వదిన పురుడు తీరీ తీరకముందే లేచి పెరట్లో మన్ను తవ్వడం మొదలుపెట్టింది.

చదువు ముగించి నేను సాక్చీలో ఒక ఆడపిల్లల బడిలో సైన్సు చెప్పడానికి కుదిరాను. భాద్రపదంలో కరమ్ పండుగ వస్తే ఇక్కడి మహతో కులం పిల్లలు, ఆదివాసీ పిల్లలు బుట్టలో ఏటి ఇసుక పోసి గింజలు మొలకెత్తిస్తారు. చీకట్లో ఉంచుతారు కాబట్టి ఆ మొలకలు పసుపుపచ్చగా, పొడుగ్గా వస్తాయి. వాటిని జావా అంటారు. పాఠం కోసం అలాంటి మొలకలు గుప్పెడు తెమ్మని క్లాసులో ఒక మహతో పిల్లను అడిగాను, కోసి చూపిస్తానని. ఆ పిల్ల హడలిపోయింది. "జావా కాట్‌తే నహీఁ, దీదీ" అంది, కొయ్యకూడదని. అందుకని నేనే బజారులో బార్లీ కొని ఇంట్లో గంప కింద మొలిపించాను.

వదిన గంప ఎత్తి చూసింది. నేను కొన్నిటికి కొనలు కోసేశాను, కొన్నిటికి కోసిన కొనను మళ్ళీ అక్కడే ఆనించి పెట్టాను, కొన్నిటిని ముట్టుకోలేదు. కిటికీ దగ్గర పెడితే, ముట్టుకోనివీ కొన ఆనించినవీ వెలుతురు వైపు వంగాయి. కొన లేనివి నిటారుగా ఉండిపోయాయి.

"పాపం, వాటికి తల తీసేసేవేటి?" అంది వదిన.

"కొనలో ఒక రసం ఉంటుంది వదినా. హార్మోను అంటారు. అది కిందికి దిగుతూ ఉంటేనే మొక్కకు ఎటు వంగాలో, ఎంత పెరగాలో తెలుస్తుంది."

"మరి తల లేనిది బతకదేటి?"

"బతుకుతుంది. ఆ రసం పక్క మొగ్గల్ని నిద్రపుచ్చి ఉంచుతుంది. కొన పోయిందంటే రసం ఆగిపోతుంది, మొగ్గలు లేస్తాయి. నువ్వు వంగమొక్కకు చిగురు తుంచేది అందుకే కదా."

"నేను తుంచేది కొమ్మలు ఎయ్యాలని. ఇంత కత ఉందని తెలిత్తే తుంచకపోదును" అని ఆ కొనలు లేని మొలకల మీద కాసిని నీళ్ళు చిలకరించింది.

1960 వైశాఖంలో నా పెళ్ళి కుదిరింది. పెళ్ళికొడుకు గోవిందరావుది అదే ఊళ్ళో సోనారి పేట. పాలికలకు ఎవర్ని పిలవాలన్న మాట వచ్చినప్పుడు నేను వదిన పేరు చెప్పాను. మా అమ్మ సింహాచలమ్మ బియ్యం చెరుగుతున్న చేట ఆపింది.

"ఓలె కాంతం, ఐదుగురూ అయిపోనారే. నేను, పక్క లైను పోలరాజు పెళ్ళాం, మీ పిన్నమ్మలు ముగ్గురు."

"అయితే ఆరుగురు చల్లండి."

"ఆరేటే ఆరు? సరిసంక్కె. నువ్వు బియ్యేలు సదివేవని పాలికలు కూడా మార్చేత్తావేటి?"

"అయితే నువ్వు తప్పుకో. వదిన చల్లుతుంది."

"నా కూతురు పెళ్ళికి నేనే తప్పుకోవాల? ఇన్నావేటిరా సూరీ, నీ చెల్లెలు మాట?"

అన్నయ్య గడ్డం గీసుకుంటూ అద్దంలోంచే అన్నాడు: "నన్ను లాగకు. రెండు పక్కలా నాకే తగులుద్ది."

వెనక వరండాలోంచి వదిన గొంతు వచ్చింది. "ఎందుకమ్మా పంతులమ్మా నాకు తగూలు తెత్తావు? పుట్టమన్ను జల్లించేది నేనే కదా. అది సాలు." మాట తేలిగ్గానే ఉంది. కానీ మన్ను జల్లిస్తున్న చప్పుడు ఆగిపోయి ఉంది. అమ్మకూ అది వినపడింది. కాసేపు చేటలో వేళ్ళు ఆడిస్తూ కూర్చుంది.

"సరే, పోలరాజు పెళ్ళానికి కాళ్ళు వాసేయి కదా, నిలబడలేదులే అని సెప్తాను" అంది చివరికి.

"దానికి వాపేటి అత్తా, నిన్న కొళాయి కాడ గెంతులేత్తంటే సూసేను" అంది వదిన అక్కణ్ణుంచే. అమ్మ నవ్వాపుకోలేకపోయింది.

ఆ రోజు వదిన పట్టుచీర కట్టుకుంది. గింజలు చేతిలోకి తీసుకునే ముందు మోచేతుల దాకా కడుక్కుంది, మళ్ళీ వెళ్ళి కడుక్కుంది. చల్లేటప్పుడు వేళ్ళ సందుల్లోంచి గింజలు ఎంత సమంగా రాలాయో నాకు కళ్ళకు కట్టినట్టుంది. ఐదు మూకుళ్ళూ వెనక వరండాలో పెట్టారు. రోజూ పూటపూటకీ తడిపింది ఆమే. పెళ్ళినాటికి గోధుమలు బెత్తెడు లేచాయి, పెసలు, మినుములు రెండాకులు విప్పాయి. చూసినవాళ్ళల్లా, "ఎవురి సెయ్యే అమ్మా, ఇంత ఏపుగా వచ్చేయి" అన్నారు. వదిన వడ్డన చేస్తూ విననట్టే తిరిగింది. ఆమె అంత సంతోషంగా ఉండగా నేను మళ్ళీ చూడలేదు.

మనుగుడుపులకు నేనూ మావారూ గోల్‌మురి వచ్చి ఉన్నాం. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఇల్లంతా నడుం వాల్చింది. వెనక తలుపు ఎవరు తీసి వదిలారో తెలియదు. పక్క క్వార్టరు మహతోగారి మేక వరండాలోకి వచ్చి ఐదు మూకుళ్ళూ మేసేసింది.

నేను మంచినీళ్ళకని లేచి వెళ్ళేసరికి, వదిన నేల మీద కూర్చుని ఉంది. పక్కన ఇత్తడి గిన్నెలో పసుపునీళ్ళు. ఒక్కొక్క మోడునూ రెండు వేళ్ళ మధ్య పట్టుకుని, పసుపునీళ్ళు పోసి, రుద్ది కడుగుతోంది. మూడు మూకుళ్ళు అయిపోయాయి. నాలుగోది దగ్గరికి లాక్కుంటోంది.

"వదినా, ఏం చేస్తున్నావు?"

"ఎంగిలి పోగొడతన్నాను. దేవుడి మొలకలివి. మేకెంగిలి తగిలింది." చెంపల మీద కన్నీళ్ళు ధారగా ఉన్నాయి గానీ గొంతు మామూలుగానే ఉంది. "అత్త లేసే లోపల కడిగేత్తే శుద్ధయిపోతాయి. మళ్ళీ మొలుత్తాయి కదా. నువ్వే సెప్పేవు, కొన పోతే పక్క మొగ్గలు లేత్తాయని."

నేను ఆమె మణికట్టు పట్టుకున్నాను. "మిగతావి కడక్కు."

"ఎంగిలే కాంతం."

"ఎంగిలైనా ఉండనీ. తెగిన చోట చితికిన కణాల్లోంచి ఇంకో రసం ఊరుతుంది. పక్కనున్న వాటికి అదే కబురు, ఇక్కడ గాయమైంది, మీరు పెరిగి మూసెయ్యండి అని. జర్మనీలో ఒక పండితుడు దుంపలు కోసి చూశాడు. కోసిన ముఖం కడిగేస్తే గాయం సరిగా మానలేదు. నలిపిన గుజ్జు మళ్ళీ రాస్తే మానింది. కడిగితే ఆ రసం పోతుంది వదినా."

ఆమె గిన్నె దూరంగా జరిపింది. కడిగిన మూడు మూకుళ్ళ వైపు చూసింది. "పోయిన రసం మళ్ళీ ఊరదేటి?"

"ఊరుతుందేమో. చూద్దాం."

అమ్మ లేచి చూసి నెత్తి మీద చెయ్యి పెట్టుకుంది. అల్లుడు ఇంట్లో ఉన్నాడని గట్టిగా ఏమీ అనలేదు. ఆ కోపమంతా మహతో ఇల్లాలి మీద చూపించింది. ఆవిడ గోడ అవతల నుంచి, "బక్రీ హై దీదీ, ఉస్‌కో క్యా మాలూమ్ షాదీ కా" అంది, మేకకి పెళ్ళి సంగతేం తెలుసన్నట్టు. "మాలూమ్ నహీ తో బాంధో, కట్టుకో! మాకూ మాలూమ్ అవ్వాల కదా మేకుందని" అని అమ్మ తలుపు వేసేసింది. మూకుళ్ళ మీద గంపలు బోర్లించి, పండుగ దాకా ఎవరూ ఎత్తవద్దంది. నేను గాలీ వెలుతురూ కావాలని పగలు గంపలు తీయించాను.

కడగని రెండు మూకుళ్ళూ తేరుకున్నాయి. గోధుమ, వరి మొదట లేచాయి. వాటి పెరిగే మొన అడుగునే, గింజ దగ్గరే ఉంటుంది. మేక పంటికి అందదు. కొసలు తెగిన ఆకులు తెగినట్టే పైకి జరిగి, లోపల నుంచి కొత్త ఆకు వచ్చింది. తరవాత సెనగ, కంది. వాటి పప్పుబద్దలు మట్టిలోనే ఉండిపోతాయి కాబట్టి, ఆ సందుల్లో నిద్రపోతున్న మొగ్గలు లేచి ఒక్కోదానికి రెండు కాడలు వేశాయి. పెసలు, మినుములు, బొబ్బర్లు మాత్రం రాలేదు. వాటి బద్దలు నేల పైకి వచ్చేసి ఉంటాయి, మేక వాటి కిందికే కొరికింది. ఇంక లేవడానికి వాటిలో మొగ్గ మిగలలేదు.

కడిగిన మూడు మూకుళ్ళలో గోధుమలు కూడా నిలవలేదు. మొదళ్ళు నల్లబడి ఒరిగిపోయాయి. గాయపు రసం పోవడం వల్లనో, పసుపునీళ్ళు నిలవుండి మన్ను కుళ్ళడం వల్లనో, రుద్దినప్పుడు లేత కాడలు నలిగిపోవడం వల్లనో నేను ఇప్పటికీ తేల్చి చెప్పలేను.

"నేను ముట్టుకోనివే బతికేయి" అంది వదిన, మూకుళ్ళ ముందు గొంతుక్కూర్చుని.

"ముట్టుకున్నందుకు కాదు. కడిగినందుకు అయ్యుంటుంది. అదైనా ఖాయంగా కాదు."

చీలిన గోరుతో మూకుడు అంచు గీకుతూ కూర్చుంది. ఆ తరవాత, నన్ను కాదు అడుగుతున్నది అన్నట్టు, "మా పెద్దోడి బొడ్డు నేనే కడిగేను" అంది.

నాకు మొదట అర్థం కాలేదు.

"మంతరసాని కోసేసి ఎల్లిపోనాది. రగతం ఓడతంది. అమ్మకి జొరం, లేవలేదు. నేనే లేసి, నీళ్ళు కాసి, సుబ్బరంగా కడిగేను. గుడ్డతోటి తుడిసి, మళ్ళీ కడిగేను. ఎవురికీ సెప్పలేదు. సెప్పడానికేటుంది, బిడ్డని కడగరేటి?" నా వైపు తిరిగింది. "అందులోనూ ఆ రసం ఉంటాదేటి కాంతం?"

లేదని చెప్పాను. పసివాడి బొడ్డు మొక్క కాడ కాదని, దవడలు బిగుసుకుపోయే ఆ జబ్బు కోసిన కత్తి మురికి వల్లో, బొడ్డు మీద అద్దిన బూడిద వల్లో వస్తుందని, శుభ్రమైన నీళ్ళతో కడిగితే మంచిదే తప్ప చెడు లేదని, వరసగా, క్లాసులో చెప్పినట్టే చెప్పాను. ఆమె ప్రతి మాటకూ తల ఊపింది.

"నువ్వు సదివినదానివి. అబద్దం సెప్పవు" అంది. లేచి చేతులు దులుపుకుని లోపలికి వెళ్ళింది. మళ్ళీ ఎప్పుడూ అడగలేదు.

పండుగ నాడు అమ్మ బతికిన మొలకల్ని సర్ది ఐదు మూకుళ్ళలోనూ కాసిని కాసిని నాటింది. సోనారి అవతల, రెండు ఏళ్ళు కలిసే దోముహానీ దగ్గర నేనూ మావారూ వాటిని నీళ్ళలో వదిలాం. వదిన గట్టు మీదే ఉండిపోయింది. చెప్పులకు కాపలా ఎవరుంటారు అంది.

ఆ శీతాకాలానికి నేను నెల తప్పాను. లైన్లలో ఆ కబురు తెలియగానే జగదాంబ చెయ్యి మంచిదన్న మాట పుట్టింది. మేక సంగతి మహతో ఇంటివాళ్ళకు తప్ప బయట ఎవరికీ తెలియదు. పోలరాజు కూతురి పెళ్ళికి వాళ్ళావిడే పసుపు కుంకుమ, గుప్పెడు నవధాన్యాలు పెట్టిన పళ్ళెంతో వచ్చి, "ఈసారి నీ సెయ్యి పడాల జగదాంబా. నా కాళ్ళు వాసేయని మీ అత్త ఎలాగూ సెప్పేసింది కదా" అంది. నేను అప్పుడు పుట్టింట్లోనే ఉన్నాను. ఏళ్ళ తరబడి ఆ పిలుపు కోసం వదిన ఎలా ఎదురుచూసిందో నాకు తెలుసు.

ఆమె బొట్టు పెట్టించుకుంది. పళ్ళెంలో ఉన్న గింజల వంక చూసింది. "నేను మన్ను జల్లించి ఇత్తాను వొదినగారూ. గింజలు కాంతం సేత సల్లించండి. నిండు మనిషి" అంది.

వాళ్ళింట్లో నేనే చల్లాను. వదిన లోపలికి రాకుండా గుమ్మంలో నిలబడి, "అంత దగ్గిరగా వొద్దు. పలసగా. ఒకదానికొకటి తగలకూడదు" అని చెబుతూ ఉంది. పోలరాజు ఇంటి నుంచి వస్తూ దారిలో అమ్మ అడిగింది, "ఏటే కోడలా, అడక్కుండా వచ్చిన పిలుపు, ఎందుకు పోగొట్టుకున్నావు?" వదిన, "నాకు నడుం నొప్పి అత్తా, వంగలేను" అంది. మర్నాడు పొద్దున్నే ఆమె పెరట్లో నడుం వంచి గోంగూర పీకుతోంది.

నాకు ఆడపిల్ల పుట్టింది. పురిటి గదిలో అన్ని పనులూ వదినవే. నాకు కారప్పొడి అన్నం, వేన్నీళ్ళు, గుడ్డలు ఉతకడం, రాత్రి పిల్ల ఏడిస్తే లాంతరు పట్టుకోవడం. పిల్లను మాత్రం ముట్టుకోలేదు. అమ్మ కాళ్ళు చాపుకుని కూర్చుని పిల్లకు నీళ్ళు పోస్తుంటే, చెంబు అందించి చెయ్యి వెనక్కి తీసుకునేది. "కాలిపోదే నీ సెయ్యి, పట్టుకో" అని అమ్మ కసిరినా, "బొడ్డు ఊడనీ అత్తా" అనేది. బొడ్డు ఎండి ఊడిపోయిన రోజు పిల్లను ఎత్తుకుంది. మాడు వాసన చూసింది, అరికాళ్ళు చూసింది, బొడ్డు దగ్గర వేలు ఆనించకుండా వంగి చూసింది. అప్పటినుంచి చంక దింపలేదు. కానీ ఒక్కనాడూ నీళ్ళు పోయలేదు.

నేను సోనారి వెళ్ళిపోయే రోజున రిక్షా ఎక్కించి, పిల్లను నా ఒళ్ళో పెట్టి, "దీనికి మీ అమ్మే పోసింది. రెండోదానికి నేను పోత్తాను. అప్పటికి నాదొకటి ఉంటాది, దాని మీద నేర్సుకుంటాను" అని నవ్వింది. ఆమె మళ్ళీ ఆశ పెట్టుకున్నదని నాకు అప్పుడే తెలిసింది.

ఆ ఆశ 1964 ఫాల్గుణంలో తీరవలసింది. నెలలు నిండాయి. నొప్పులొస్తే అన్నయ్య వేళకే ఆస్పత్రికి తీసుకువెళ్ళాడు. బిడ్డ ఊపిరి లేకుండా పుట్టాడు. ఆమెకు రక్తం ఆగలేదు. నేను అప్పుడు ఏడో నెల కడుపుతో ఉన్నాను, చూడకూడదని నన్ను రానివ్వలేదు. అన్నయ్య చెప్పాడు, చివర్లో మంచినీళ్ళు అడిగిందట, చెయ్యి కడుక్కునే ఇచ్చావా అందట.

జ్యేష్ఠంలో నాకు కొడుకు పుట్టాడు. గోల్‌మురిలో, అదే గదిలో. అమ్మ పీట వేసుకుని, కాళ్ళు చాపి, వాణ్ణి కాళ్ళ మీద బోర్లా పడుకోబెట్టి, అలవాటుగా పక్కకు చెయ్యి చాచింది. ఎవరూ లేరు. అన్నయ్య అప్పుడే డ్యూటీ నుంచి వచ్చాడు. బూట్లు విప్పకుండానే వచ్చి, చెంబు ముంచి అందించాడు.